మూడు గజాలు



2023 డిసెంబరు 15, శుక్రవారం రాత్రి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, బ్లూ రిడ్జ్ కొండల దగ్గర, సేలం అని ఒక చిన్న ఊరు. మన తమిళనాడు సేలం కాదు, పేరు మాత్రం అలాగే ఉంటుంది. జనాభా పాతిక వేలు. ఆ ఊరి మునిసిపాలిటీ వారి స్టేడియంలో ఏడు వేల మందికి కాస్త పైగా కూర్చోవచ్చు. ఆ రాత్రి అక్కడ రెండు చిన్న కాలేజీల కుర్రాళ్ళు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. దేశంలో ఆ స్థాయి కాలేజీలన్నిటికీ అది ఫైనల్. ఆట ముగింపుకొచ్చింది. ఒక జట్టు స్కోరు 38. రెండో జట్టు ఇప్పుడిప్పుడే బంతిని గీత దాటించి 37కి చేరింది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. ఈ ఆటలో బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తో, విసిరితే అందుకునో అవతలివాళ్ళ చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. దాన్ని టచ్‌డౌన్ అంటారు. ఆ ఆరు మీద కొసరు ఉంటుంది. ఆ కొసరు ఎలా అడగాలన్నది గీత దాటిన జట్టు ఇష్టం. బంతిని కాలితో తన్ని రెండు నిలువు కర్రల నడుమ నుంచి పంపితే ఒక పాయింటు. కాలేజీ స్థాయిలో ఇది దాదాపు చేతికి అందినట్టే. అలా కాకుండా, గీతకు మూడు గజాల దూరంలో బంతి పెట్టుకుని, ఒకే ఒక్క ప్రయత్నంలో మళ్ళీ గీత దాటిస్తే రెండు పాయింట్లు. దాటకపోతే సున్నా.

అంటే 37 దగ్గరున్న జట్టు బంతిని తన్నితే 38–38, సమానం, ఆ తరువాత అదనపు ఆట. రెండు పాయింట్లకు పోతే 39–38తో గెలుపు, లేదా అక్కడికక్కడే ఓటమి.

వాళ్ళు రెండుకే పోయారు.

మూడు గజాలంటే తొమ్మిది అడుగులు. మన పాత పెంకుటిళ్ళలో వసారా వెడల్పు అంతే ఉండేది. ఆ తొమ్మిది అడుగులకు అడ్డంగా పదకొండు మంది నిలబడ్డారు. బంతి దాటలేదు. మిగిలిన ఆ కాసేపట్లో స్కోరు మారలేదు. న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన కార్ట్‌లాండ్ కాలేజీ 38–37తో మొదటిసారి జాతీయ ఛాంపియన్ అయింది. ఓడిన జట్టు ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్త్ సెంట్రల్ కాలేజీ. అంతకు ముందు ఏడాది కప్పు వాళ్ళదే. ఆ రాత్రి మైదానంలోకి దిగేనాటికి వరుసగా 29 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు.

ఈ పోటీ పేరు స్టాగ్ బౌల్. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ 1973లో కాలేజీలను మూడు డివిజన్లుగా విడగొట్టింది. మొదటి డివిజన్ సంగతి మనలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. లక్షమంది పట్టే స్టేడియాలు, కోట్ల డాలర్ల జీతం తీసుకునే శిక్షకులు. ఇప్పుడైతే ఆటగాళ్ళకు కూడా డబ్బు నేరుగా ఇస్తున్నారు. 2025 జూలై 1 నుంచి అక్కడ ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు డబ్బు పంచవచ్చు; మొదటి ఏడాది ఆ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. మూడో డివిజన్ ఇందుకు పూర్తిగా వేరు. ఇక్కడ ఆట ఆడినందుకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. అది రాసిపెట్టుకున్న నియమం. చదువులో మార్కులను బట్టి ఫీజు తగ్గించవచ్చు, ఇంటి పరిస్థితిని బట్టి తగ్గించవచ్చు, బంతి బాగా విసురుతాడని మాత్రం ఒక్క డాలరు తగ్గించకూడదు. ఇలాంటి కాలేజీలు నాలుగు వందల పైచిలుకు. వాటిలో ఫుట్‌బాల్ ఆడేవి దాదాపు 240. కుర్రాడు తన ఫీజు తను కట్టుకుని, పొద్దున్నే లేచి బరువులెత్తి, క్లాసులకు వెళ్ళి, సాయంత్రం మైదానంలో దెబ్బలు తిని, రాత్రి కెమిస్ట్రీ రికార్డు రాసుకుంటాడు.

ఎందుకు ఆడతాడు? నేను ఈ విషయం ఎత్తుకున్నది ఈ ప్రశ్న కోసమే.

మన క్రికెట్ తీసుకోండి. కాలేజీ జట్టులో ఆడిన కుర్రాడు యాభై ఏళ్ళు వచ్చాక కూడా ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ పిల్లలతో టెన్నిస్ బంతి పెట్టి బ్యాటు పట్టుకోగలడు. షటిల్ ఆడినవాడు అరవైలోనూ ఆడతాడు. కబడ్డీ ఆడినవాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళి, నడుం పట్టేసినా సరే, ఒక్కసారి కూతకెళ్ళి వస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ వీలు లేదు. ఆ ఆటకు ఇరవై రెండు మంది కావాలి. ప్రతివాడికీ తలకు హెల్మెట్, భుజాలకు దిట్టమైన మెత్తలు కావాలి. వంద కిలోల మనిషి పరిగెత్తుకొచ్చి గుద్దితే తట్టుకునే ఒళ్ళు కావాలి. ముట్టుకుంటే చాలు అవుటైనట్టే అనే తేలిక ఆటలు అక్కడా పెరళ్ళలో ఆడతారు. పిల్లలు ఆడుకునే అంటుడాటకీ అసలు కబడ్డీకీ ఎంత దూరమో, దానికీ దీనికీ అంత దూరం. కాలేజీ ముగిసిన రోజున కుర్రాడు ఆ మెత్తలు విప్పి పెడితే, నూటికి తొంభై తొమ్మిది మంది జన్మలో మళ్ళీ వేసుకోరు. ఇరవై రెండేళ్ళ వయసుకే, ఏడేళ్ళప్పటి నుంచీ ఆడిన ఆట పూర్తిగా అయిపోతుంది.

అందుకే ఈ చిన్న కాలేజీల పోటీని నేను వేరేగా చూస్తాను. నవంబరు మధ్యలో చాలా జట్ల సీజన్ ముగుస్తుంది. ఆ శనివారం సాయంత్రం వందల మైదానాల్లో ఆఖరి ఏడాది కుర్రాళ్ళు చీకటి పడినా డ్రెస్సు విప్పకుండా గడ్డి మీద కూర్చునే ఉంటారు. 2023లో 32 జట్లు నాకౌట్‌కు వెళ్ళాయి. 2024 నుంచి ఆ సంఖ్య 40 అయింది. ఓడిన ప్రతి జట్టులోనూ కొందరికి అదే ఆఖరి ఆట. గెలిచినవాళ్ళకు దొరికేది ఇంకొక్క వారం. మళ్ళీ ఇంకొక్క వారం. ఫైనల్ దాకా వచ్చారంటే ఆ వీడ్కోలును వీలైనంత వెనక్కి నెట్టగలిగారన్నమాట. ఇది తలుచుకుని ఆ మూడు గజాల ఘట్టం చూస్తే, గీతకు అటూ ఇటూ నిలబడ్డ కుర్రాళ్ళలో ఎందరికో అది జీవితంలో ఆడే చివరి నాలుగైదు సెకన్ల ఫుట్‌బాల్ అని తెలుస్తుంది. తన్ని సమానం చేసుకుంటే ఇంకో పావుగంట దక్కేదేమో. వాళ్ళు దాన్ని కూడా పణంగా పెట్టారు. ఆ నిర్ణయం సరైనదే అని నా ఉద్దేశం. ఓడినా సరైనదే.

గెలిచిన కార్ట్‌లాండ్ గురించి ఒక మాట. అది 1868లో ఉపాధ్యాయ శిక్షణ కోసం పుట్టిన కాలేజీ. ఇప్పటికీ వ్యాయామ ఉపాధ్యాయులను తయారు చేయడంలో దానికి మంచి పేరు. మనం డ్రిల్లు మాస్టారు అని పిలుస్తామే, అలాంటివాళ్ళు చదువుకుని వచ్చే చోటు. పక్కనే ఉన్న ఇథకా కాలేజీతో వీళ్ళకు ఏళ్ళ తరబడి పోటీ. ఆ రెండు చిన్న కాలేజీల మధ్య ఏటా జరిగే మ్యాచ్‌ను 2019లో న్యూయార్క్ నగరం పక్కనున్న మెట్‌లైఫ్ స్టేడియంలో పెడితే 45,161 మంది వచ్చారు. జాతీయ ఫైనల్‌కు ఏడు వేల సీట్ల స్టేడియం, పక్కూరి పోటీకి నలభై అయిదు వేల మంది! పక్క ఊరితో పోటీ అంటే ఎక్కడైనా అంతే.

ఈ పోటీకి పేరిచ్చిన ఏమస్ అలోంజో స్టాగ్ కథ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1862లో పుట్టాడు. 1892లో షికాగో విశ్వవిద్యాలయంలో శిక్షకుడిగా చేరి 41 సీజన్లు పనిచేశాడు. ఆ రోజుల్లో షికాగో ఫుట్‌బాల్ అంటే దేశమంతా చెప్పుకునేవారు. దేశంలో మేటి కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ 1935లో మొదలైతే, మొట్టమొదట అందుకున్నది షికాగో కుర్రాడు జే బెర్వాంగర్. డెబ్భై ఏళ్ళు నిండాయని విశ్వవిద్యాలయం స్టాగ్‌ను పదవీ విరమణ చేయమంది. ఆయన ఇంటికి పోలేదు. కాలిఫోర్నియా వెళ్ళి పసిఫిక్ కాలేజీలో 14 ఏళ్ళు చేశాడు. 81వ ఏట, 1943లో, ఆ ఏటి ఉత్తమ శిక్షకుడిగా ఎంపికయ్యాడు. తరువాత పెన్సిల్వేనియాలో కొడుకు శిక్షకుడిగా ఉన్న కాలేజీకి వెళ్ళి, కొడుకు పక్కన పనిచేశాడు. 1965లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన విడిచి వచ్చిన షికాగోలో ఏం జరిగిందో వినండి. విశ్వవిద్యాలయం అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ 1939లో ఫుట్‌బాల్‌నే రద్దు చేశాడు. చదువుకు అడ్డమని ఆయన నమ్మకం. స్టాగ్ పేరు పెట్టిన స్టేడియం ఖాళీగా పడి ఉంది. ఆ గ్యాలరీ కింద ఉన్న స్క్వాష్ కోర్టులో ఎన్రికో ఫెర్మీ బృందం గ్రాఫైట్ దిమ్మలు, యురేనియం పేర్చి, 1942 డిసెంబరు 2న మనిషి చేతి మీదుగా జరిగిన మొదటి అణు గొలుసు చర్యను నడిపించింది. అణుయుగం మొదలైంది ఒక ఫుట్‌బాల్ గ్యాలరీ కింద. 1969లో షికాగో మళ్ళీ ఫుట్‌బాల్ మొదలుపెట్టింది. ఈసారి పెద్ద స్టేడియం లేదు, పెద్ద డబ్బు లేదు. ఇవాళ ఆ విశ్వవిద్యాలయం ఆడేది మూడో డివిజన్‌లోనే. హచిన్స్ అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. ఆట రద్దు చేయనక్కర్లేకుండానే దానికి జవాబు ఇవ్వవచ్చని ఈ డివిజన్ యాభై ఏళ్ళుగా చూపిస్తోంది.

ఇక ఈ పోటీలో ఎక్కువగా వినిపించే పేరు మౌంట్ యూనియన్. ఒహాయో రాష్ట్రంలో అలయెన్స్ అనే ఊళ్ళో ఉంది. లారీ కెరెస్ అక్కడే చదువుకుని, అక్కడే ఆడి, 1986 నుంచి 2012 దాకా అక్కడే శిక్షకుడిగా ఉన్నాడు. 332 గెలుపులు, 24 ఓటములు, 3 సమానాలు, 11 జాతీయ కప్పులు. ఒకసారి వరుసగా 54 మ్యాచ్‌లు గెలిచి ఒకటి ఓడారు. మళ్ళీ మొదలుపెట్టి వరుసగా 55 గెలిచారు. 2005 నుంచి 2014 దాకా పది ఫైనల్స్ జరిగితే తొమ్మిదింటిలో తలపడ్డవి ఇదే మౌంట్ యూనియన్, విస్కాన్సిన్ రాష్ట్రపు వైట్‌వాటర్. రెండు జట్లదీ వంగపండు రంగే. ఏటా డిసెంబరులో సేలం ఊరు ఒకే రంగు వేసుకున్న రెండు గుంపులతో నిండిపోయేది.

ఆ 55 మ్యాచ్‌ల వరస ఎవరి చేతిలో తెగిందో చెప్పాలి. ఆ మనిషంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 2003 ఫైనల్‌లో మౌంట్ యూనియన్‌ను 24–6తో ఓడించింది మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ జాన్స్. బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే కాలేజీ అది. శిక్షకుడు జాన్ గాల్యార్డీ, అప్పటికి 77 ఏళ్ళవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైస్కూలు శిక్షకుణ్ణి సైన్యానికి పిలిస్తే, పదహారేళ్ళ కుర్రాడిగా ఉన్న గాల్యార్డీ తన జట్టుకు తానే శిక్షకుడయ్యాడు. అప్పుడు మొదలైన పని అది. ఒకరినొకరు గుద్దుకుని పడేసుకోవడమే ప్రాణమైన ఈ ఆటలో, ఆయన ప్రాక్టీసులో పడేయడం నిషేధం. విజిల్ ఊదేవాడు కాదు. తనను కోచ్ అని పిలవనిచ్చేవాడు కాదు, జాన్ అనమనేవాడు. మ్యాచ్ రోజు తినాల్సిన దెబ్బలు ఎలాగూ తింటారు, మిగతా రోజుల్లో పిల్లల ఒళ్ళు ఎందుకు హూనం చేయాలన్నది ఆయన ధోరణి. అలా అరవై ఏళ్ళకు పైగా శిక్షణ ఇచ్చి 489 మ్యాచ్‌లు గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో, కోట్ల జీతాలవాళ్ళను కూడా కలుపుకుని, ఏ శిక్షకుడికీ అన్ని గెలుపులు లేవు. తలకు తగిలే దెబ్బల వల్ల ముసలితనంలో మతి చెదిరిన ఆటగాళ్ళ గురించి ఇవాళ అమెరికా మథనపడుతోంది. ఆ మథనం మొదలవడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఈయన సాధనలో దెబ్బలు మాన్పించాడు. మూడో డివిజన్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. ఆ బహుమతికి చదువూ, చేసిన సేవా కూడా చూస్తారు.

అంతా బంగారమని చెప్పను. అమెరికాలో చిన్న కాలేజీలకు విద్యార్థులు తగ్గుతున్నారు. సీట్లు నింపుకోవడానికి ఫుట్‌బాల్ జట్టు పెట్టిన కాలేజీలున్నాయి. నూటికి పైగా కుర్రాళ్ళను జట్టులోకి తీసుకుంటే నూటికి పైగా ఫీజులు వస్తాయి. అందులో సగం మంది నాలుగేళ్ళూ పక్కన నిలబడి చూడటమే. స్కాలర్‌షిప్ ఇవ్వకూడదనే నియమం కుర్రాడి చదువును కాపాడటానికి పెట్టినది. అదే నియమం కాలేజీ ఖజానాకు కూడా పనికొస్తోంది. ఈ మాట ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళే ముందు చెప్పాలి.

కాలేజీలు మూతపడుతున్నాయి కూడా. అలబామాలోని బర్మింగ్‌హామ్ సదరన్ కాలేజీ 2024 మే 31న శాశ్వతంగా మూసేశారు. సరిగ్గా ఆ రోజే ఆ కాలేజీ బేస్‌బాల్ జట్టు ఒహాయోలో మూడో డివిజన్ జాతీయ పోటీల్లో ఆడుతోంది. ఆట వేరైనా డివిజన్ ఇదే, పిల్లలూ ఇలాంటి పిల్లలే. వెనక్కి తిరిగి వెళ్ళడానికి కాలేజీ లేదు. కాలేజీ పేరు చొక్కా మీద మాత్రం ఉంది. ఆ చొక్కాలు వేసుకుని వాళ్ళు ఆడారు.

మళ్ళీ సేలంకు వద్దాం. 1993 నుంచి 2017 దాకా పాతికేళ్ళు ఫైనల్ అక్కడే జరిగింది. ఆ తరువాత టెక్సస్‌కు, ఒహాయోకు, మేరీలాండ్‌కు తిరిగి, 2023లో ఆ ఒక్కసారికి సేలం వచ్చింది. ఇన్నేళ్ళూ దేశంలోని కుర్రాళ్ళందరికీ ఆతిథ్యమిచ్చిన ఆ ఊళ్ళో ఉన్న రోనోక్ కాలేజీకి మాత్రం ఫుట్‌బాల్ జట్టు ఉండేది కాదు. 1942లో ఆపేశారు. ఎనభై మూడేళ్ళ తరువాత, 2025లో, ఆ కాలేజీ మళ్ళీ జట్టును పంపింది. అదే స్టేడియంలో, మూడో డివిజన్‌లో.

మూడు గజాల దగ్గర ఆగిపోయిన నార్త్ సెంట్రల్ ఏమైందని మీరు అడగవచ్చు. మరుసటి సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 2025 జనవరి 5న హ్యూస్టన్‌లోని షెల్ ఎనర్జీ స్టేడియంలో మౌంట్ యూనియన్‌ను 41–25తో ఓడించి కప్పు తిరిగి తెచ్చుకుంది. ఇరవై రెండు వేల మంది పట్టే స్టేడియం అది. సేలం చలిలో ఓడినప్పుడు ఆఖరి ఏడాదిలో ఉన్న కుర్రాళ్ళు మాత్రం హ్యూస్టన్‌లో మైదానంలో లేరు. వాళ్ళ ఆట సేలంలోనే ముగిసింది.

ఆ నార్త్ సెంట్రల్ కాలేజీ ఉన్నది షికాగోకు పడమట, నేపర్‌విల్ అనే ఊళ్ళో. ఆ పేరు మన శ్రోతల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. నేపర్‌విల్‌లో, పక్కనున్న అరోరాలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అరోరాలో వేంకటేశ్వర స్వామి గుడి ఉంది. పిల్లల్ని చూడటానికి వెళ్ళిన పెద్దవాళ్ళు మొదటి వారమే ఆ గుడికి వెళ్ళి వస్తారు. అక్కడి నుంచి ఆ కాలేజీ మైదానం కారులో అంత దూరమేమీ కాదు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఉంటే, ఈసారి సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య వెళ్ళినప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం ఆ మైదానానికి తీసుకెళ్ళమని అడగండి. నియమాలన్నీ తెలియనక్కర్లేదు, గీత దాటితే ఆరు అని తెలిస్తే చాలు. మ్యాచ్ అయ్యాక వెంటనే లేచి రాకండి. కాసేపు గ్యాలరీలోనే కూర్చుని, మైదానంలో ఆఖరుగా మిగిలిపోయే కుర్రాళ్ళను చూడండి.